మ్యూనిక్ ఫెస్ట్‌బియర్: సందడి ఎక్కడ, రుచి ఎక్కడ

జర్మనీలోని మ్యూనిక్‌లో ఏటా జరిగే బీరు పండగ అక్టోబర్‌ఫెస్ట్. అక్టోబర్‌ఫెస్ట్ బీరు అనగానే చాలామందికి తేనెరంగు బీరు గుర్తొస్తుంది. విదేశాల్లో ఆ పేరుతో అమ్మే సీసాల్లో ఎక్కువగా ఉండేది అదే. మ్యూనిక్ వెళ్ళి పండగ టెంటులో కూర్చుంటే మాత్రం చేతికొచ్చేది లేత బంగారు రంగు బీరు. మోసమేమీ లేదు, రెండూ పండగ బీర్లే. మొదటిది మేర్ట్సెన్, రెండోది ఫెస్ట్‌బియర్. ఈ తేడా తెలియకుండా వెళ్ళినవాళ్ళు పదిహేను యూరోలు పెట్టి, వెతుక్కుంటూ వచ్చిన రుచి దొరక్కుండానే తిరిగి వస్తుంటారు.

మేర్ట్సెన్ అంటే మార్చి బీరు. ఏటా ఏప్రిల్ 23 నుంచి సెప్టెంబర్ 29 దాకా బీరు కాచకూడదని 1553లో, మ్యూనిక్ ఉన్న బవేరియా ప్రాంతంలో ఉత్తర్వు వచ్చింది. ఎండాకాలంలో కాస్తే పాడైపోయేది, పైగా బట్టీల వల్ల అగ్నిప్రమాదాల భయం. అందుకని మార్చిలోనే కాస్త ఘాటుగా కాచి, చల్లటి నేలమాళిగల్లో దాచి వేసవంతా వాడుకునేవారు. మిగిలిన పీపాలు శరదృతువు పండగకి ఖాళీ అయ్యేవి. అక్టోబర్‌ఫెస్ట్ మొదలైంది 1810లో, యువరాజు లుడ్విగ్ పెళ్ళి సందర్భంగా. అక్కడ మేర్ట్సెన్ పేరుతో బీరు పోసింది మాత్రం 1872లో, షోటెన్‌హామెల్ టెంటులో. ఆ తర్వాత వందేళ్ళకి, 1970లలో, పౌలానర్ బ్రూవరీ (బీరు కాచే సంస్థ) వాళ్ళు రంగూ బరువూ తగ్గించిన బీరు తీశారు. కారణం వ్యాపారమే: మాల్ట్ (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ) దట్టంగా ఉన్న బీరు రెండో లీటరుకే కడుపు నింపేస్తుంది, తేలికైనదైతే మూడోది కూడా దిగుతుంది. మిగిలిన బ్రూవరీలూ అదే దారి పట్టాయి. ఇప్పుడు పెద్ద టెంట్లన్నిటా ఆ బంగారు రంగుదే.

రెంటికీ తేడా మాల్ట్‌లోనే ఉంది. మేర్ట్సెన్‌కి మ్యూనిక్ మాల్ట్, వియన్నా మాల్ట్ ఎక్కువగా వాడతారు. బార్లీ మొలకల్ని ఎక్కువ వేడి మీద ఆరబెడతారు కాబట్టి రొట్టె పెచ్చు వాసన వస్తుంది. పెసరపప్పు దోరగా వేగుతున్నప్పుడు వంటింట్లో లేచే వాసనకి దగ్గరగా ఉంటుంది. వాసన తియ్యగా ఉంటుంది గానీ గొంతు దిగాక తీపి మిగలకూడదు. మిగిలితే అది సరిగా పులియని బీరు. ఫెస్ట్‌బియర్‌లో లేత మాల్ట్‌దే పైచేయి: తెల్ల రొట్టె, కాస్త తేనె, చివర్లో హాప్స్ అనే పూలు ఇచ్చే చిరుచేదు. రెంటినీ పది డిగ్రీల లోపు చల్లదనంలోనే పులియబెట్టి, తర్వాత వారాల తరబడి సున్నా దగ్గర నిలవ ఉంచుతారు. నోట్లో ఆ నున్నదనం అందువల్లే.

ఇక ఘాటు. ఫెస్ట్‌బియర్‌లో ఆల్కహాల్ 6 శాతం అటూ ఇటూ. హోఫ్‌బ్రోయ్ బ్రూవరీది 6.3, లోవెన్‌బ్రోయ్‌ది 6.1. మన దగ్గరి స్ట్రాంగ్ బీరు తాగేవాళ్ళకి ఈ అంకె చిన్నదిగా కనిపిస్తుంది. తేడా కొలతలో ఉంది. టెంటులో ఇచ్చేది లీటరు మగ్గు, దాన్ని మాస్ అంటారు (మన సినిమాహాళ్ళ మాస్‌తో సంబంధం లేదు గానీ, సందడిలో పెద్ద తేడా ఉండదు). 6 శాతం బీరు లీటరులో సుమారు 47 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. 7 శాతం స్ట్రాంగ్ బీరు 650 మిల్లీలీటర్ల సీసాలో ఉండేది 36 గ్రాములు. అంటే ఒక్క మాస్ ఒక స్ట్రాంగ్ సీసా మీద ఇంకో మూడో వంతు. పైగా ఇది నున్నగా ఉంటుంది కాబట్టి ఘాటు నాలుకకి తెలియదు, లేచి నిలబడినప్పుడు కాళ్ళకి తెలుస్తుంది. టెంట్ల వెనకున్న గడ్డి వాలు మీద సాయంత్రాలు పడి నిద్రపోయేవాళ్ళలో ఎక్కువమంది ఈ లెక్క వేసుకోనివాళ్ళే.

టెంట్లలో పోసేది మ్యూనిక్ నగరంలో కాచే ఆరు బ్రూవరీల బీరే: ఆగుస్టినర్, హాకర్-ప్షోర్, హోఫ్‌బ్రోయ్, లోవెన్‌బ్రోయ్, పౌలానర్, ష్పాటెన్. ఒక టెంటులో ఒక్క బ్రూవరీ బీరే దొరుకుతుంది. కాబట్టి ఏ టెంటు అన్నది నిర్ణయించుకోవడమంటే ఏ బీరు అన్నది నిర్ణయించుకోవడమే. రుచి కోసమైతే మొదటి ఓటు ఆగుస్టినర్ టెంటుకి. అక్కడ బీరు స్టీలు ట్యాంకుల్లోంచి కాక 200 లీటర్ల చెక్క పీపాల్లోంచి పోస్తారు. గ్యాసు తక్కువ, నురగ మెత్తన, చేదు సున్నితంగా. జనంలో స్థానిక కుటుంబాలే ఎక్కువ కాబట్టి గోల కూడా కొంచెం తక్కువ. హోఫ్‌బ్రోయ్ టెంటు దీనికి పూర్తిగా ఎదురు: నిలబడి తాగే చోటు ఉన్న పెద్ద టెంటు, విదేశీయులతో కిక్కిరిసి ఉంటుంది. సీటు దొరకని సాయంత్రం పనికొస్తుంది, బీరు రుచి గమనించడానికి మాత్రం పనికిరాదు. చేపలు ఇష్టపడే మనవాళ్ళకి ఫిషర్ వ్రోనీ మంచి చోటు: పుల్లకి గుచ్చి నిప్పుల మీద కాల్చిన చేప, పక్కన ఆగుస్టినర్. ఉప్పూ కొవ్వూ ఉన్న చేపకి ఆ బీరు కుదిరినట్టు సగం కోడికి కుదరదు.

గొడ్డుమాంసం, పందిమాంసం తిననివాళ్ళకి ఎంపిక తక్కువే గానీ ఆకలితో ఉండక్కర్లేదు. నిప్పుల మీద తిప్పి కాల్చే సగం కోడి, హెండ్ల్, అన్ని చోట్లా ఉంటుంది. శాకాహారులకి చీజ్ కలిపిన నూడుల్స్ కేజెష్పెట్‌స్లె, వెన్నా మిరపపొడీ కలిపి నూరిన చీజ్ ఓబాట్స్‌డా, ఉప్పు చల్లిన ముల్లంగి. ముడి వేసినట్టుండే పెద్ద రొట్టె, బ్రెట్సెన్, కొనేటప్పుడు పిండిలో పందికొవ్వు కలిపారేమో అడగడం మంచిది, కొందరు కలుపుతారు. టెంటు బయటి బీరు తోటలో ఇంటి తిండి తెచ్చుకునే ఆనవాయితీ ఉంది. పులిహోర డబ్బా కూడా చెల్లుతుంది, సంచీ కొలత దాటకపోతే చాలు. మూడు లీటర్లు, అంటే 20, 15, 10 సెంటీమీటర్లు మించిన సంచీని లోపలికి రానివ్వరు. గాజు సీసాలు కూడా కుదరదు.

ఎప్పుడు వెళ్ళాలన్నది ఎక్కడికి వెళ్ళాలన్నదాని కంటే ముఖ్యం. సెప్టెంబర్ 15 తర్వాత వచ్చే శనివారం మొదలై అక్టోబర్ మొదటి ఆదివారం దాకా, ఏడాదిని బట్టి మూడో తేదీ దాకా, నడుస్తుంది. మొదటి రోజు మధ్యాహ్నం 12కి మేయరు తొలి పీపాకి కుళాయి కొడతాడు. అంతకు ముందు ఎవరికీ చుక్క పోయరు, ఉదయం తొమ్మిదికే టెంటులో చేరినవాళ్ళు మూడు గంటలు ఎండు గొంతుతో కూర్చుంటారు. రుచి చూడాలనుకునేవాళ్ళకి సోమ, మంగళ, బుధవారాలు, పదకొండు నుంచి మూడు లోపు. సాయంత్రం ఆరు దాకా బ్యాండు శబ్దం తగ్గించి వాయిస్తారు, పక్కవాళ్ళతో మాట్లాడొచ్చు. మధ్య వారాంతం, అక్టోబర్ 3 సెలవు తప్పించుకోండి. నిలబడి తాగే చోటు లేని టెంట్లలో బెంచీ మీద సీటు లేకపోతే లోపల బీరు ఇవ్వరు, ఇది చాలామందికి చివరి నిమిషం దాకా తెలియదు. చాలా టెంట్లలో బీరు పోయడం రాత్రి పదిన్నరకి ఆపేస్తారు.

మైదానంలోకి ప్రవేశం ఉచితం. టేబుల్ రిజర్వేషన్ ఒక్కరిద్దరికి దొరకదు. ఎనిమిది, పదిమంది టేబులు మొత్తం తీసుకోవాలి, మామూలుగా మనిషికి రెండు మాస్‌లు, సగం కోడి చొప్పున కూపన్లు ముందే కొనాలి. టెంటు నిర్వాహకుల దగ్గరే నేరుగా బుక్ చేసుకోండి. మధ్యవర్తులు రెండింతలు మూడింతలకి అమ్మే టేబుళ్ళు గేటు దగ్గర చెల్లకపోవచ్చు. ఇద్దరు ముగ్గురైతే రిజర్వేషన్ గొడవే వద్దు, పనిరోజు మధ్యాహ్నం రిజర్వు కాని బెంచీలు బాగానే దొరుకుతాయి.

2025లో మాస్ ధర టెంటుని బట్టి 14.50 నుంచి 15.80 యూరోలు. బీరు తెచ్చినప్పుడే డబ్బు ఇచ్చేయాలి. నోట్లు, చిల్లర దగ్గర పెట్టుకోండి, కార్డు అన్ని చోట్లా నడవదు. పైన ఒక యూరో, యూరోన్నర కలిపి ఇవ్వడం మర్యాద. పది మగ్గులు ఒకేసారి మోసుకొచ్చే ఆమె చేతుల్లో ఇరవై కిలోల పైగా బరువు ఉంటుంది, మొదటి మగ్గుకే చిల్లర లెక్కపెడితే రెండోది ఆలస్యంగా రావడంలో ఆశ్చర్యం లేదు. మగ్గు మీద లీటరు గీత ఉంటుంది. నురగ దిగాక బీరు ఆ గీత కంటే బాగా కిందుంటే తాగకముందే చూపించి అడగండి, మళ్ళీ పోస్తారు. సగం తాగాక అడిగితే ఎవరూ నమ్మరు. మగ్గు జ్ఞాపకార్థం సంచీలో పెట్టుకోవడం దొంగతనం కిందికి వస్తుంది, గేటు దగ్గర వెతుకుతారు. కావాలంటే దుకాణంలో కొనుక్కోండి.

లీటరు మగ్గుతో అసలు చిక్కు వేరే ఉంది. చివరి పావు వంతు వెచ్చబడి, గ్యాసు పోయి చప్పగా మారుతుంది. దానికి బవేరియాలో నోగెర్ల్ అని పేరే ఉంది, వాళ్ళే చాలామంది వదిలేస్తారు. రుచిని సరిగా పోల్చి చూడాలంటే టెంటు కాదు, బస చేసిన గది మేలు. ఆగస్టు చివరి నుంచి ఆరు బ్రూవరీల ఫెస్ట్‌బియర్ సీసాలు సూపర్‌మార్కెట్లలో, పానీయాల దుకాణాల్లో దొరుకుతాయి. అర లీటరు సీసా ధర టెంటులో మాస్‌కి పెట్టే దాంట్లో చిన్న వంతే. పైన సీసాకి ఎనిమిది సెంట్ల డిపాజిట్, తిరిగిస్తే వెనక్కి వస్తుంది. గోధుమరంగు సీసాలే తీసుకోండి, వెలుతురు తగిలే అరలో ముందు వరసది కాక వెనకది. ఆకుపచ్చ సీసాలో వెలుతురు సోకిన బీరు కుళ్ళిన వాసన కొడుతుంది. ఫ్రిజ్‌లోంచి తీసి పది నిమిషాలు ఆగితే ఎనిమిది డిగ్రీల దగ్గరికి వస్తుంది, అంతకంటే చల్లగా ఉంటే మాల్ట్ వాసన నోరు విప్పదు. ఒక్కొక్కటి నూరు మిల్లీలీటర్లు చాలు. ష్పాటెన్‌తో మొదలుపెట్టి హోఫ్‌బ్రోయ్‌తో ముగించండి, తక్కువ ఘాటు నుంచి ఎక్కువకి. మధ్యలో నీళ్ళు, ఉప్పు లేని రొట్టె. మిక్చర్, పచ్చడి ముందు పెట్టుకుంటే ఆరూ ఒకేలా తోస్తాయి, కారం చేదుని పెంచి చూపిస్తుంది. ఆరింటి వరసలో ఒక హాకర్-ప్షోర్ మేర్ట్సెన్ సీసా చివర్న పెడితే, ఈ వ్యాసం మొదట చెప్పిన తేడా ఒక్క గుక్కలో తెలిసిపోతుంది.

బస విషయంలో మ్యూనిక్ ఆ రెండు వారాలూ జేబుకి చిల్లే. మామూలు గది అద్దె రెండింతలు మూడింతలు అవుతుంది, స్టేషన్ దగ్గరి చవక హాస్టళ్ళలో రాత్రంతా తాగొచ్చినవాళ్ళ గోల. ఆగ్స్‌బుర్గ్ మేలు: ప్రాంతీయ రైల్లో ముప్పావు గంట, గదులు ఎంతో చవక, ఊరూ బాగుంటుంది. లాండ్స్‌హూట్, ఫ్రైజింగ్ కూడా పరవాలేదు. ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్తే బవేరియా టికెట్ కలిసొస్తుంది, ఐదుగురి దాకా ఒకే టికెట్. పనిరోజుల్లో ఉదయం తొమ్మిది తర్వాతే చెల్లుతుంది, ఐసీఈ లాంటి వేగం రైళ్ళలో చెల్లదు. మైదానానికి ఊ-బాన్ (మెట్రో) స్టేషన్ టెరేజియన్‌వీజె పక్కనే ఉంది కాబట్టి అందరూ అక్కడే దిగుతారు. గ్యోటెప్లాట్స్‌లో దిగి నడిస్తే తోపులాట తప్పుతుంది, లేదా ఎస్-బాన్‌ లోకల్ రైల్లో హాకర్‌బ్రూకె దిగి పావుగంట నడక. తిరుగు ప్రయాణం పదిలోపే, టెంట్లు ఖాళీ అయ్యాక ప్లాట్‌ఫారం మీద నిలబడే చోటుండదు. అద్దె ఈ-స్కూటర్ ముట్టుకోవద్దు: కారు నడిపేవాళ్ళకున్న తాగుడు పరిమితే దానికీ వర్తిస్తుంది, పోలీసులు కాపు కాస్తారు.

మేర్ట్సెన్ కోసమే వెళ్ళేవాళ్ళకి మ్యూనిక్ ఒక్కటే సరిపోదు. ఊరవతల ఆయింగ్‌లోని ఆయింగర్ బ్రూవరీ మేర్ట్సెన్ 5.8 శాతం, నిండైన మాల్ట్‌తో ఉంటుంది. వాళ్ళ హోటలు ఒకటి మ్యూనిక్ నడిబొడ్డున, హోఫ్‌బ్రోయ్‌హౌస్ అనే పేరున్న బీరుశాలకి ఎదురుగానే ఉంది. పండగ వాతావరణం కావాలి, తోపులాట వద్దు అనుకుంటే రోజెన్‌హైమ్ శరదృతువు పండగ చక్కటి ప్రత్యామ్నాయం. ఆగస్టు చివరి శనివారం మొదలై పదహారు రోజులుంటుంది, పోసేది అక్కడి ఆవర్‌బ్రోయ్, ఫ్లోట్సింగర్ బ్రూవరీల బీరు. ఓపికుంటే ఉత్తరాన బాంబెర్గ్ దాకా వెళ్ళండి, ఐసీఈలో రెండు గంటల లోపు. అక్కడి ష్లెంకెర్లా బీరుశాలలో పోసే మేర్ట్సెన్ 5.1 శాతమే గానీ, దాని మాల్ట్‌ని బీచ్ చెట్టు కట్టెల పొగలో ఆరబెడతారు. మొదటి గుక్కలో కట్టెపొయ్యి గుర్తొచ్చి ముఖం ముడుచుకుంటుంది. అర లీటరు అయ్యేసరికి అదే పొగ వెనక తియ్యటి మాల్ట్ బయటపడుతుంది. అందరికీ నచ్చదు, ఒక గ్లాసు ఇద్దరు పంచుకుని చూడండి.

సీసాలు ఇంటికి తెచ్చుకునేవాళ్ళకి: భారత కస్టమ్స్ సుంకం లేకుండా మనిషికి రెండు లీటర్ల మద్యం అనుమతిస్తుంది, బీరూ అందులోకే వస్తుంది. అంటే అర లీటరువి నాలుగు. చెకిన్ పెట్టెలో ఒక్కో సీసాని విడిగా బట్టలో చుట్టి పెట్టె నడిమధ్యన పెట్టండి, అంచుల్లో పెడితే పగులుతుంది. ఇల్లు చేరగానే ఫ్రిజ్‌లో పెట్టి దసరా లోపు తాగేయండి. మన ఎండకి గది వేడిలో నెల ఉంచితే తడి అట్టముక్క రుచి వస్తుంది.