కంపోస్ట్ బిన్ కొందామనుకునే విజయనగరం వాళ్లు ఒక్క నిమిషం ఆగి ఇది చదవండి

ఇన్‌స్టాలో రోజూ మిద్దెతోట వీడియోలు పెడతాడే, ఆయన దగ్గరే. మొక్కల పిచ్చున్నోళ్లకి పేరు చెప్పక్కర్లేదు. 2200 పెట్టి సెట్ తెచ్చాను, కుళాయి ఉన్న బిన్, తొక్కల్ని ఎరువు చేసే సూక్ష్మజీవులుంటాయనే కల్చర్ పౌడర్, ఒక కోకోపీట్ ఇటుక, అంటే కొబ్బరి పొట్టు అచ్చు. ఉద్దానంలో కొబ్బరి పొట్టు గుట్టలుగా పడుంటే మనం ఇటుకలు కొనుక్కుంటాం, అదీ మన తెలివి. 'తొక్కలేసి మూత పెట్టేయండి మేడమ్, మిగతాది మా పౌడర్ చూసుకుంటాది' అన్నాడు. చూసుకుంది మరి! వారం తిరక్కుండా కుళ్లిన గుడ్ల కంపు, అడుగున నల్లనీళ్లు, కుళాయి తిప్పితే చుక్క రాదు, లోపల జల్లెడే లేదు కదా, తొక్కలన్నీ పోయి అడ్డం పడ్డాయి. 'పెంటకుప్పకి రెండువేలేటమ్మా' అని మా అత్తయ్య ఒకటే నవ్వు.

తీరా చూస్తే బిన్‌కి ఒక్క బెజ్జం లేదు. గాలాడకపోతే ఎరువు చేసే సూక్ష్మజీవులు చచ్చి కుళ్లబెట్టేవి పెరుగుతాయి, కంపు అందుకే. మూత బిగించి చేసే బొకాషి పద్ధతి ఒకటుంది గానీ దానికి మంచి బ్యాక్టీరియా పట్టించిన తవుడు కావాలి, అది పుల్లటి వాసనొస్తుంది. ఈయన పౌడర్ అరచేతిలో పోసుకుని చూస్తే వాసనా లేదు పాడూ లేదు, ఆ కోకోపీట్‌నే నలిపి ప్యాకెట్ కట్టినట్టుంది.

ఇదంతా ఒక ఎత్తు. ఆ బిన్ని స్కూటీ ముందర పెట్టుకుని, దారంతా జనం ముక్కు మూసుకుంటుంటే ఆయన షాపుకి తీసుకెళ్లాను. ముక్కుకి కర్చీఫ్ అడ్డం పెట్టుకుని, కొనడానికొచ్చిన వాళ్లందరి ముందూ 'చెత్తేస్తే కంపు రాక సంపెంగ వాసనొస్తాదేటండీ?' అన్నాడు. అందరూ నవ్వారు. బెజ్జాలేవీ అంటే 'మీ ఇంట్లో చేపలెక్కువ తింటారనుకుంటాను' అంటాడు, నేనందులో చేప ముల్లు కూడా వెయ్యలేదు! ఒళ్లు మండి బిన్ని ఇటు తిప్పితే స్టిక్కర్ తడిసి ఒక మూల లేచుంది, గోటితో పట్టి లాగాను, కింద పెయింట్ కంపెనీ పేరు, 20 లీటర్లని అచ్చు. పెయింటర్లు వాడి పారేసే డబ్బా! ఇప్పుడైనా మొహం మాడుతుందనుకున్నాను. 'రీసైకిల్ మేడమ్, పర్యావరణం' అన్నాడు, నవ్వుతూ. నా డబ్బులు కూడా బాగానే రీసైకిల్ చేశాడు. సాయంత్రానికి వాట్సాప్‌లో బ్లాక్.

అదే డబ్బాకి మా ఆయన ఇనపచువ్వ కాల్చి చుట్టూ, అడుగునా బెజ్జాలు పెట్టారు. అడుగున కొబ్బరి పీచు, గిన్నెడు తొక్కలకి రెండు గిన్నెల ఎండాకులు, గుప్పెడు పాత పేడ ఎరువు, మూడు నాలుగు రోజులకోసారి కర్రతో కలపడం, అంతే. పిడికిట్లో పట్టి పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి, ధారగా కారితే ఇంకా ఆకులెయ్యాలి. కంపు పోయింది, మధ్యలో చెయ్యి పెడితే వెచ్చగా ఉంది. ఎరువవడానికి రెండు మూడు నెలలు పడుతుంది, పౌడర్ గీడర్ ఏమీ అక్కర్లేదు.

అయినా కొనాలనుకుంటే మూత తీసి బెజ్జాలు, జల్లెడ చూసుకోండి, స్టిక్కర్ ఉంటే గోకండి. బిల్లు మాత్రం వదలకండి. కన్జ్యూమర్ హెల్ప్‌లైన్ 1915 కి చేస్తే అదే అడిగారు, నా దగ్గరున్నది 'బిన్ 2200' అని పెన్నుతో గీకిచ్చిన చీటీ ముక్క.