అలల్లేని నీళ్ళలో పిల్లిమొగ్గలు: 6 తరగతులయ్యాక నా మాట

నా వయసు 43, బరువు 52 కిలోలు. వయసు సంగతి మర్చిపోయినా ఫర్వాలేదు గానీ బరువు మాత్రం గుర్తుపెట్టుకోండి. ఈ కయాక్ (తెడ్డేసి నడిపే చిన్న పడవ) విన్యాసాల కోర్సు మీద నాకున్న గొడవలో సగం ఆ అంకె చుట్టూనే తిరుగుతుంది.

నదిలో కయాక్ నడపడం నాకు కొత్త కాదు. మూడేళ్ళుగా చేస్తున్నాను, బోల్తా పడితే రోల్ చేసి, అంటే పడవలోంచి బయటికి రాకుండానే తిప్పుకుని లేవగలను. కానీ ఆరడుగుల పొట్టి పడవని ముక్కు మీద నిలబెట్టేవాళ్ళనీ, బండి చక్రంలా తిప్పేవాళ్ళనీ చూసినప్పుడల్లా నోరెళ్ళబెట్టి చూడడమే తప్ప నేనెప్పుడూ ప్రయత్నించలేదు. అందుకని ఆగి ఉన్న నీళ్ళలో ఫ్రీస్టైల్ అనే ఈ విన్యాసాలు నేర్పే కోర్సులో చేరాను. మొత్తం 6 తరగతులు, ఒక్కోటి 2 గంటలు. పడవ, తెడ్డు, హెల్మెట్, లైఫ్ జాకెట్, స్ప్రే స్కర్ట్ (పడవలోకి నీళ్ళు రాకుండా నడుం చుట్టూ మూసే గుడ్డ) అన్నీ వాళ్ళే ఇస్తారు. సంస్థ పేరు రాయడం లేదు. అనాల్సినవి వాళ్ళ మొహం మీదే అనేశాను, ఇక్కడ రాసేది ఇలాంటి కోర్సు ఎక్కడైనా చేరబోయేవాళ్ళ కోసం.

ఆగిన నీళ్ళెందుకు అని చాలామంది అడిగారు. నిజమే, పోటీలు ఎక్కువగా జరిగేది నదిలోనే. నీళ్ళు కిందికి దూకి, మళ్ళీ వెనక్కి తిరగబడే చోట 45 సెకన్లలో ఎన్ని రకాల విన్యాసాలు చేస్తే అన్ని పాయింట్లు. కానీ అక్కడ ఒక్కసారి తప్పితే ప్రవాహం ఈడ్చుకుపోతుంది, మళ్ళీ పైకి తెడ్డేసుకుంటూ రావాలి, వరసలో ఆగాలి. గంటలో పది సార్లు ప్రయత్నించడం కూడా గగనమే. చెరువులో అయితే పడ్డ చోటే లేచి, ముక్కు చీదుకుని, మళ్ళీ మొదలుపెట్టొచ్చు. ఇంకో సంగతి, ఇది కాస్త మింగుడుపడనిది: నదిలో నీటి విసురు సగం పని చేసి పెడుతుంది. ఇక్కడ ఎత్తేదీ మీరే, ముంచేదీ మీరే. రాకపోతే నీళ్ళ మీద నెపం వేయడానికి లేదు.

ముందు మంచి చెబుతాను. కోచ్ బంగారం. పాతికేళ్ళు కూడా ఉండవు. మొదటి రోజు అందరి రోల్ చూసి, పడవలని గట్టు మీద గడ్డిలో పెట్టించి కూర్చోబెట్టింది. అరగంట నీళ్ళ జోలికే వెళ్ళనివ్వలేదు. నాకు విసుగొచ్చిన మాట వాస్తవం. ఆ అరగంటలో తను చెప్పినంత తేలిగ్గా డబుల్ పంప్ (పడవ ముక్కుని ఎత్తి నీళ్ళలోకి ముంచడం) గురించి ఇంకెవరూ చెప్పగా నేను వినలేదు. పడవ చదునుగా ఉన్నప్పుడు కుడివైపు తెడ్డు వేసి వెనక్కి లాగితే ముక్కు ఎడమకు తిరుగుతుంది కదా. ఇప్పుడు పడవని కుడి అంచు మీదికి వాల్చండి. అదే తెడ్డు, అదే లాగుడు. ముక్కు ఇప్పుడూ ఎడమకే తిరుగుతుంది, కాకపోతే ఎడమ ఇప్పుడు పైన ఉంది. అంతే, ముక్కు లేచింది. లేచిన మరుక్షణం అదే తెడ్డు రెక్కని ముందుకు తోస్తే ముక్కు కుడికి తిరుగుతుంది. కుడి అంటే కింద. అంటే నీళ్ళలోకి.

"ఎత్తడం కాదు అక్కా, తిప్పడం" అనేది ప్రతిసారీ. నేను చేతులతో ఎత్తాలని చూసేదాన్ని. భుజాలు పట్టేసేవి. నడుం నుంచి తిరిగితే తెడ్డు దానంతట అదే వెళ్తుందని నాకు ఒంటపట్టేసరికి రెండో తరగతి అయిపోయింది.

పడవ ఎందుకు వాల్చాలో కూడా తనే చూపించింది. పళ్ళెం తీసుకుని అడుగుభాగం ఆనేలా నీళ్ళ మీద పెట్టి నొక్కండి, ఎంత మొరాయిస్తుందో చూడండి. అంచు మీద నిలబెట్టి నొక్కండి, కోసుకుంటూ పోతుంది. ఈ ఆటంతా ఆ పళ్ళెమే. ఎంత వాల్చాలన్నదే తేడా. తక్కువ వాలిస్తే ముక్కు చప్పట్లు కొట్టి పైకొస్తుంది, మరీ ఎక్కువ వాలిస్తే మీరే బోల్తా.

ఇక గొడవ. మొదటి మూడు తరగతులు నేను డబుల్ పంప్ వేసి వేసి చచ్చాను. ముక్కు జానెడు మునగడం, బుస్సుమని తేలడం. నా పక్కన 80 కిలోల అబ్బాయి రెండో తరగతిలోనే ముక్కు పూర్తిగా ముంచి, తోక గాల్లోకి లేపేశాడు. నాలోనే ఏదో లోపం ఉందనుకున్నాను. వయసనుకున్నాను, బలం లేదనుకున్నాను, ఇంటికెళ్ళి దండీలు కూడా తీశాను, నవ్వకండి. మూడో తరగతి అయ్యాక పడవలో నీళ్ళు ఒంపుతుంటే సీటు పక్కన స్టిక్కర్ కనబడింది: 70 నుంచి 95 కిలోల వాళ్ళకి.

లెక్క సులువే. ఒక లీటరు గాలిని నీళ్ళలోకి తోస్తే అది ఒక కిలో బలంతో వెనక్కి నెడుతుంది. నాకిచ్చింది 220 లీటర్ల పడవ, అంటే లోపల అంత గాలి పట్టేది. అందులో ముందు భాగం మునగాలంటే ఎన్ని లీటర్ల గాలితో కుస్తీ పట్టాలో ఊహించుకోండి. దిట్టమైన మనిషికి ఒంటి బరువే సాయం చేస్తుంది. నాకు చెయ్యదు. నదిలో తిరిగే పడవ కాస్త పెద్దదైతే తేలిగ్గా తేలుతుంది కాబట్టి సుఖమే. ఈ ఆటలో ఆ సుఖమే శత్రువు. ఇదంతా చేరేటప్పుడు ఫారంలో బరువు రాయించుకున్న వాళ్ళకి తెలియదా? అడిగితే "అందరికీ అవే ఇస్తామండీ" అన్నారు ఆఫీసులో. మరి బరువు రాయించుకున్నది ఎందుకు?

నాలుగో తరగతికి కోచ్ షెడ్డు వెనకనుంచి ఓ పాత పడవ లాక్కొచ్చింది. రంగు వెలిసింది, అడుగంతా గీతలు, 180 లీటర్లు. సీటు మరలు విప్పి రెండు కన్నాలు ముందుకు జరిపింది, నా బరువు ముక్కు వైపు పడేలా. కూర్చుంటే తొడలు రెండు పక్కలా బిగిసిపోయాయి. నడుం తిప్పితే పడవ నాతోపాటే తిరిగింది.

ఆ మొదటి పంప్ ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది. కుడి అంచు మీదికి వాల్చాను, లాగాను, ముక్కు లేచింది, తోశాను. బుస్సుమనే చప్పుడు కోసం నా చెవులు ఎదురుచూశాయి. రాలేదు. ముక్కు చప్పుడు లేకుండా, మజ్జిగలో కవ్వం దిగినట్టు దిగిపోయింది. పాదాల మీద ఒక్కసారిగా బరువు పడింది. కళ్ళ ముందు ఆకుపచ్చ నీళ్ళు, అందులో నా పడవ పసుపు రంగు ముక్కు, దాని చుట్టూ పైకొస్తున్న బుడగలు. ఒక క్షణం నేను నిజంగానే నిలబడి ఉన్నాను. ఆ ఆనందంలో ఊపిరి పీల్చడం మర్చిపోయి బుడుంగున తలకిందులయ్యాను. పైకి రోల్ అయ్యేసరికి గట్టు మీద 80 కిలోల అబ్బాయి చప్పట్లు.

పాదాల మీద బరువు అన్నాను కదా, అక్కడ ఇంకో ఫిర్యాదు. ముక్కు మీద నిలవడమంటే అక్షరాలా కాళ్ళ మీద నిలవడమే, కాళ్ళ కింద నేల లాంటిది ఉండాలి. పడవ లోపల పాదాలకి ఆనుకుని ఉండే ఫోమ్ దిమ్మ ఆ నేల. నాకిచ్చిన రెండు పడవల్లోనూ ఆ దిమ్మలు అరిగిపోయి, తడిస్తే జారేవి. ఓసారి దిమ్మ పూర్తిగా పక్కకి ఒరిగి, కుడి పాదం సందులో ఇరుక్కుంది. తలకిందులుగా ఉండగా. భయపడ్డాను, రోల్ తప్పింది, స్ప్రే స్కర్ట్ ఊడదీసే పట్టీ లాగి పాదం విడిపించుకుని బయటపడ్డాను. పెద్ద ప్రమాదమేమీ కాలేదు. కాకపోతే అద్దెకిచ్చే పడవల్లో ఇది సరిచూడాల్సిన మొదటి విషయం, చివరిది కాదు. ఆ వారం నేనే నీళ్ళు పీల్చని గట్టి ఫోమ్ కొని, రంపపు పళ్ళ కత్తితో రెండు ముక్కలు కోసుకున్నాను. మొదటిది పొట్టిదైంది. రెండోసారి మోకాళ్ళు తొడ పట్టీల కింద గట్టిగా ఆనేదాకా, పాదాలు చదునుగా పడేదాకా గీకుతూ కూర్చున్నాను. ఇంట్లో ఎక్కడ చూసినా ఫోమ్ పొట్టే.

లోతు గురించి ఒక మాట. దిగితేగానీ లోతు తెలియదంటారు, ఇక్కడ దిగకముందే తెలుసుకోవాలి. మొదటి తరగతి గుండెల లోతు నీళ్ళలో పెట్టారు, రోల్ చూడడానికి అది చాలు. రెండోదీ అక్కడే పెట్టారు. 80 కిలోల అబ్బాయి ముక్కు ముంచింది అక్కడే, అది పోయి బురదలో గుచ్చుకుంది. అదృష్టం, బురద. రాయి అయ్యుంటే చీలమండల సంగతి చెప్పలేం. పడవ పొడవు 180 సెంటీమీటర్లు ఉంటే నీళ్ళు అంతకు మించి ఉండాలని కోచ్ ఆఫీసు వాళ్ళతో వాదించి మూడో తరగతి నుంచి మమ్మల్ని లోపలికి తీసుకెళ్ళింది.

తను నేర్పిన దాంట్లో నాకు నచ్చనిది ఒకటే: అన్నీ కుడివైపే. పోటీల్లో చాలా విన్యాసాలకి కుడికి చేస్తే ఒక లెక్క, ఎడమకి చేస్తే వేరే లెక్క. నేను పోటీలకి వెళ్ళేదాన్ని కాదు, నిజమే. కానీ ఆరు వారాలు ఒకే వైపు తిరిగితే నడుం కూడా ఒకే వైపు నొప్పెడుతుంది. అడిగాను. "ముందు ఒక వైపు రానివ్వండి అక్కా" అంది. దాంట్లో న్యాయం ఉంది, నా నడుం మాత్రం ఒప్పుకోలేదు.

చివరి తరగతిలో లూప్ చేసి చూపించింది. లూప్ అంటే పిల్లిమొగ్గే, పడవతో సహా. మొదట చూసినప్పుడు అంతా గందరగోళం, నాలుగోసారి చూస్తే తెలిసింది రహస్యం. ముక్కుని లోతుగా ముంచుతుంది. మునిగిన గాలి ఊరుకోదు, పైకి తంతుంది. ఆ తన్ను వచ్చే దాకా తను కదలదు. తన్ను రాగానే కాళ్ళ మీద నిటారుగా లేచి, పైకెళ్ళాక ఒక్కసారిగా ముందుకి ముడుచుకుంటుంది. నన్ను మూడు వారాలు ఏడిపించిన గాలే అక్కడ తనని ఎగరేస్తోంది! నేను ప్రయత్నించాను. ప్రతిసారీ తొందరపడి ముందే ముడుచుకున్నాను, మూట విసిరినట్టు పడ్డాను.

చిన్నచిన్నవి: ముక్కు క్లిప్ వాళ్ళు ఇవ్వరు, మీదే తెచ్చుకోండి, హెల్మెట్‌కి దారంతో కట్టుకోండి. నేను కట్టక మొదటి రోజే రెండు పోగొట్టుకున్నాను, ఆ రాత్రి దిండు మీద వాలితే ముక్కులోంచి చెరువు కారింది. మోచేతులు ఎప్పుడూ ఒంటికి దగ్గరగా, కిందికి ఉంచమని కోచ్ విసుగు లేకుండా చెబుతూనే ఉంటుంది, వినండి, భుజం జారేది చెయ్యి వెనక్కి, పైకి పోయినప్పుడే. ఫోన్‌లో వీడియో తీసి తప్పులు చూపిస్తామన్నారు, ఆరు తరగతుల్లో ఒక్కసారి తీశారు, అదీ ఎంత దూరం నుంచంటే నేనెవరో హెల్మెట్ రంగు చూసి పోల్చుకోవాల్సి వచ్చింది.

రోల్ సరిగా రానివాళ్ళు దీంట్లో ఇప్పుడే చేరకండి. రెండు గంటల్లో ముప్పై సార్లు తలకిందులవుతారు, ప్రతిసారీ ఈదుకుంటూ గట్టుకి పోయి నీళ్ళు ఒంపుకోవడంతోనే సరిపోతుంది. రోల్ ఉండి, బరువు 70 దాటితే కళ్ళు మూసుకుని చేరిపోవచ్చు. నాలాంటి బక్కవాళ్ళు మాత్రం చేరేముందు పడవ ఎన్ని లీటర్లో అడగండి, స్టిక్కర్ మీ కళ్ళతో చూడండి.

నా లెక్క ఇది: ముక్కు మీద నాలుగు సెకన్లు నిలబడగలను, కోచ్ లెక్క ప్రకారం మూడు. కార్ట్‌వీల్‌లో, అంటే పడవని బండి చక్రంలా తిప్పడంలో, ముక్కు, తోక వరసగా ఒక్కసారి పడ్డాయి, మళ్ళీ చేయమంటే రాలేదు. లూప్ సున్నా. తర్వాతి బ్యాచ్‌కి పేరిచ్చాను. ఆ వెలిసిన పసుపు పడవ నాకే ఉంచుతామని కాగితం మీద రాయించుకున్నాను, నేను కోసిన రెండు ఫోమ్ ముక్కల మీద మార్కర్‌తో పెద్దక్షరాలతో పేరు రాసి అందులోనే వదిలేసి వచ్చాను.