సీ-బర్డ్ 911ప్లస్ సీటీడీ: బేరెంట్స్ సముద్రంలో దాని పనితీరు

సీటీడీ అంటే సముద్రంలోకి దించి నీటి విద్యుత్ వాహకత, ఉష్ణోగ్రత, లోతు కొలిచే యంత్రం. ముందే తీర్పు చెప్పేస్తే, నీళ్లలో ఉన్నంతసేపు ఈ యంత్రానికి వంక పెట్టాల్సిందేమీ లేదు. చలి సముద్రంలో అది పాడయ్యేది నీళ్లలో కాదు, నీళ్లకూ ఓడలో దాన్ని దాచే గది అయిన హ్యాంగర్‌కూ మధ్య గాలిలో వేలాడే ఆ కొన్ని నిమిషాల్లో. బంగాళాఖాతంలో 28 డిగ్రీల నీటిలో ఏళ్ల తరబడి సీటీడీ దించిన చేతులైనా సరే, నార్వేకు ఉత్తరాన ఉన్న బేరెంట్స్‌కు వెళ్తే కొన్ని అలవాట్లు వదులుకోవాలి.

నీటిలోకి దిగేది 9ప్లస్, ఓడలో ఉండేది 11ప్లస్ డెక్ యూనిట్. రెండూ కలిస్తేనే 911ప్లస్. ఒకే తీగ ఉన్న ఉక్కు కేబుల్ మీదుగా సెకనుకు 24 రీడింగులు పైకి వస్తాయి. అల్యూమినియం కవచమైతే 6,800 మీటర్లు, టైటానియమైతే 10,500 మీటర్లు తట్టుకుంటుంది. సగటున 230 మీటర్ల లోతు మాత్రమే ఉన్న బేరెంట్స్‌కు ఇంత అవసరమా అంటే, ఒక్క బేరెంట్స్‌కే అయితే లేదు. కానీ 2018-2024 మధ్య పది నార్వే సంస్థలు కలిసి నడిపిన నాన్సెన్ లెగసీ ప్రాజెక్టులో లాగా ఒకే యాత్రలో లోతు తక్కువ ఉన్న షెల్ఫ్ దాటి ఆర్కిటిక్ మహాసముద్రంలోని నాన్సెన్ బేసిన్‌లోకి వెళ్తే లోతు వేల మీటర్లకు పడిపోతుంది. అప్పుడు యంత్రం మార్చే పని ఉండదు.

కంపెనీ చెప్పే ఖచ్చితత్వం ఉష్ణోగ్రతకు 0.001 డిగ్రీ, వాహకతకు మీటరుకు 0.0003 సీమెన్స్, పీడనానికి పూర్తి స్కేలులో 0.015 శాతం. ఈ వాహకత అంకె చూసి మురిసిపోవద్దు. సున్నా డిగ్రీల దగ్గర అది, వాహకత నుంచి లెక్కగట్టే లవణీయతలో దాదాపు 0.004 తేడా అవుతుంది. లోతు నీటి మార్పులు పట్టుకోవాలంటే 0.002 కావాలి. అందుకే సెన్సర్ ఎంత కొత్తదైనా యంత్రంతోపాటు దించిన బాటిళ్లలోని నీటి శాంపిళ్లను ఆటోసాల్‌లో (ప్రయోగశాలలో లవణీయత కొలిచే పరికరం) ప్రామాణిక సముద్రజలంతో సరిచూడాల్సిందే. ఆ శాంపిళ్లు ప్రయోగశాల ఉష్ణోగ్రతకు రావడానికి ఒక రోజు పడుతుంది. తొందరపడి చల్లటి సీసా పెడితే రీడింగు నిలకడగా ఉండదు.

ఇక అసలు తంటా. వాహకత కొలిచే సెల్ సన్నటి గాజు గొట్టం. అందులో మిగిలిన నీరు గడ్డకడితే తొమ్మిది శాతం వ్యాకోచిస్తుంది, గాజు పగులుతుంది. ఆక్సిజన్ సెన్సర్ పొర గతీ అంతే. చాలామంది చేసే పొరపాటు ఏమిటంటే, పైకి తీయగానే అలవాటు కొద్దీ డెక్ మీదే మంచినీటితో కడగడం. ఉప్పునీరు గడ్డకట్టడానికి మైనస్ 1.9 డిగ్రీలు కావాలి, మంచినీటికి సున్నా చాలు. మైనస్ 15 గాలిలో మంచినీటితో కడగడమంటే సెల్‌ను మన చేతులతో పగలగొట్టుకోవడమే. ముందు సెన్సర్లూ బాటిళ్లూ బిగించిన ఫ్రేమ్‌ను వెచ్చటి హ్యాంగర్‌లోకి లాగాలి, ఆ తర్వాతే కడగాలి. హ్యాంగర్ లేకపోతే గొట్టాలు విప్పి నీరు ఊది తీసేయాలి. కంప్రెసర్ గాలి మాత్రం వద్దు, అందులోని నూనె ఆవిరి సెల్ లోపల పూతలా అంటుకుంటుంది. గడ్డకట్టిందనిపిస్తే వేడినీళ్లు గుమ్మరించడం ఇంకా పెద్ద తప్పు.

దించేటప్పుడూ ఇదే గొడవ. మైనస్ 20లో చల్లబడిన ఇనుప ఫ్రేమ్ మైనస్ 1.8 నీటిలో పడగానే దాని చుట్టూ, సెన్సర్ల మీద కూడా, మంచు పొర కడుతుంది. సెన్సర్ల గుండా నీరు లాగే పంపు ఉప్పునీరు తగిలిన 60 సెకన్లకు గానీ తిరగదు. మామూలుగా 10 మీటర్ల దగ్గర రెండు మూడు నిమిషాలు నానబెడితే సరిపోతుంది. ఇక్కడ గడియారం చూడొద్దు, జంట సెన్సర్లను చూడాలి. రెండు ఉష్ణోగ్రతలూ, రెండు వాహకతలూ ఒకదానితో ఒకటి కలిసేదాకా ఆగాలి. ఒక వాహకత మాత్రమే తక్కువగా నిలిచిపోతే ఆ గొట్టంలో మంచుముక్కో గాలిబుడగో ఇరుక్కున్నట్టే. అందుకే ఉత్తరాన జంట సెన్సర్లు, రెండు పంపులు తప్పనిసరి. ఖర్చు తగ్గిద్దామని ఒక్క సెట్టుతో వెళ్లడం దండగ.

నార్వే పరిశోధన నౌక క్రోన్‌ప్రిన్స్ హాకోన్ లాంటి ఓడలో మూన్‌పూల్ ఉంటుంది. ఓడ మధ్యలోని ఆ రంధ్రం గుండా దించితే చల్లగాలి బెడద చాలావరకు తప్పుతుంది. అయితే ఓడ అడుగు దాటేదాకా వచ్చే డేటా ఆ రంధ్రంలోని నీటిదే. మంచు కరిగి పైన తేలే పలుచటి నీటి పొర గురించి రాసేవాళ్లకు అది పనికిరాదు. వాళ్లు చిన్న సీటీడీని మంచు మీంచో పడవ మీంచో దించుకోవాలి.

కోరిన లోతులో బాటిళ్లను మూసే 24 బాటిళ్ల కరౌసెల్ గురించి కొంచెం అసంతృప్తే. ట్రిగ్గర్ పనిచేసినట్టు డెక్ యూనిట్ చూపిస్తుంది గానీ బాటిల్ మూసుకుందని అది చెప్పలేదు. మూతల తాళ్లను పట్టి ఉంచే లాచ్ దగ్గర ఉప్పో మంచో పేరుకుంటే తాడు జారదు. ప్రతి కాస్ట్ (ఒకసారి దించి తీయడం) తర్వాత హ్యాంగర్‌లో గోరువెచ్చటి మంచినీటితో లాచ్‌లు కడగాలి. బాటిల్ లోపలి రబ్బరు చలికి బిగుసుకుని మూత నెమ్మదిగా పడుతుంది. కుళాయిలు గడ్డకడతాయి. నీరు తీసే ముందు పైన గాలి మర బిగించి ఉంచే కుళాయి తెరవాలి. నీరు ధారకడితే ఆ బాటిల్ కారుతున్నట్టే, అందులో వాయువులు కొలవొద్దు. లోతులో ఆగాక కనీసం 30 సెకన్లు నిలబడి మూస్తేనే బాటిల్లోకి ఆ లోతు నీరు చేరుతుంది.

నీటి పంపకమే అన్నిటికన్నా పెద్ద పేచీ. పది లీటర్లంటే బోలెడనిపిస్తుంది. ఆక్సిజన్ సీసా చిన్నదే, కానీ మూడింతలు పొర్లించాలి కాబట్టి అర లీటరు. కరిగిన కార్బన్‌కు ఇంకో అర లీటరు. లవణీయత, పోషకాలు కడుగులతో కలిపి మరో అర లీటరు పైమాట. తర్వాత క్లోరోఫిల్ వాళ్లు, ఫిల్టర్ల మీద కర్బన కణాలు పట్టేవాళ్లు, డీఎన్ఏ వాళ్లు వస్తే లీటర్ల లెక్క. వరుస మాత్రం మారకూడదు: మొదట సీఎఫ్‌సీ లాంటి వాయువులు, తర్వాత ఆక్సిజన్, ఆ వెనక కార్బన్, పోషకాలు, చివర లవణీయత. జీవశాస్త్రం వాళ్లకు విడిగా ఇంకో కాస్ట్ వేయడమే మేలు, లేకపోతే కుళాయి దగ్గర తగువు తప్పదు. ఇనుము, జింక్ లాంటి సూక్ష్మలోహాలు కొలిచేవాళ్లకు ఈ ఫ్రేమే పనికిరాదు.

కేబుల్‌ను యంత్రానికి కలిపే చివరి కట్టు మీద కూడా కన్నుండాలి. తెర మీద మాడ్యులో ఎర్రర్ల (కేబుల్‌లో డేటా చెడిందని చూపే) లెక్క పెరుగుతుంటే సెన్సర్లను అనుమానించొద్దు. ముందు కట్టు, ఆపైన తిరిగే వించ్‌లో విద్యుత్ కనెక్షన్ నిలిపే స్లిప్ రింగ్ చూడాలి.

డేటా శుభ్రం చేయడంలో కొత్తేమీ లేదు. ఉష్ణోగ్రతతో సరిపోయేలా వాహకతను 0.073 సెకన్లు ముందుకు జరపడం డెక్ యూనిటే చేస్తుంది. ఆక్సిజన్ సెన్సర్ మాత్రం చలిలో మందగిస్తుంది కాబట్టి దాని సవరణను వెచ్చటి సముద్రపు విలువతో వదిలేయకుండా దిగుడు, ఎగుడు గీతలు కలిసేలా చూసుకోవాలి.

మంచు రంధ్రంలోంచి పనిచేసే చిన్న బృందాలకు ఇంత యంత్రం వద్దు. అదే కంపెనీది, సెకనుకు 4 రీడింగులిచ్చే చిన్న సీటీడీ 19ప్లస్ చాలు, కాకపోతే చలికి దాని బ్యాటరీలు త్వరగా నీరసిస్తాయి. ఆర్‌బీఆర్ అనే మరో కంపెనీ వాళ్ల ఇండక్టివ్ (తీగచుట్టలతో వాహకత కొలిచే) సెల్‌లో పంపూ లేదు, పగిలే గాజు గొట్టమూ లేదు. ఖచ్చితత్వంలో కాస్త రాజీపడగలిగితే మంచు మీద పనికి అదే సుఖం. నీటి శాంపిళ్లతో, అన్ని శాఖలవాళ్లతో కలిసి వెళ్లే పెద్ద యాత్రకు మాత్రం 911ప్లస్సే. కొనేటప్పుడు రెండు అదనపు వాహకత సెన్సర్లు, ఒక పంపు, ఒక ఆక్సిజన్ సెన్సర్, కేబుల్ కట్టుకు రెండు సెట్ల సామాను, గుప్పెడు ఓ-రింగులు కూడా ఆ బిల్లులోనే రాయించుకోండి. ఉత్తర నార్వేలోని ట్రామ్సో రేవు దాటాక ఇవి దొరికే దుకాణం ఉండదు.