ఎక్సెల్ పివట్ టేబుల్: నాలుగేళ్లు వాడాక

బెంగళూరు మారతహళ్ళిలో మా బాబాయి పచ్చళ్లు, పొడులు, జంతికలు షాపులకు సప్లై చేస్తారు. లెక్కలు నేను చూస్తాను. నాలుగేళ్లుగా ఎక్సెల్ 2019 వాడుతున్నాను.

తేదీ, ఏరియా, సరుకు, మొత్తం అని కాలమ్‌లు పెట్టి బిల్లులు ఎక్కిస్తే చాలు, పివట్ టేబుల్ నిమిషంలో ఏరియావారీగా అమ్మకాలు కూడి పెడుతుంది. జయనగర్, యలహంక, కేఆర్ పురం బార్ చార్టులో పక్కపక్కనే కనిపిస్తాయి. పేర్లు మాత్రం ఒకేలా కొట్టాలి. ఒకచోట చుక్కలు పెట్టి 'కె.ఆర్. పురం' అని రాస్తే అది వేరే గ్రూపు అయిపోతుంది.

నా బాధంతా సగటుతోనే. ఒక వారం యలహంకలో ఏడు బిల్లులు వచ్చాయి: 800, 900, 1,000, 1,100, 1,200, 1,300, ఆఖరిది 14,700. ఆ ఆఖరిది ఒక పెళ్లివారి ఆర్డరు. పివట్‌లో సగటు 3,000 అని వచ్చింది. అది నమ్మి "యలహంకకు జంతికలు ఎక్కువ పంపుదాం బాబాయ్" అని నేనే చెప్పాను. సగం డబ్బాలు మెత్తబడి వెనక్కొచ్చాయి. బాబాయి ఒక్క మాట అనలేదు గానీ, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మీడియన్, అంటే బిల్లులను చిన్నదాని నుంచి పెద్దదాకా పేర్చితే నడిమధ్యన వచ్చేది, చూసి ఉంటే 1,100 అని తెలిసేది. మామూలు పివట్‌లో సమ్, కౌంట్, యావరేజ్, స్టాండర్డ్ డీవియేషన్ అన్నీ ఉన్నాయి, మీడియన్ లేదు. ఇంత అవసరమైనది లేకపోవడం పెద్ద లోపమే. బిల్లులను డేటా మోడల్‌లో (ఎక్సెల్‌లోనే ఉండే డేటాబేస్ లాంటిది) పెట్టి ఫార్ములా రాస్తే వస్తుంది. నేనైతే పక్క సెల్‌లో మీడియన్, ఇఫ్ కలిపి రాసి, కంట్రోల్, షిఫ్ట్ పట్టుకుని ఎంటర్ కొడతాను.

నన్ను నిజంగా ఆదుకున్నది 2016 వెర్షన్‌లో వచ్చిన బాక్స్ అండ్ విస్కర్ చార్టు. పివట్ నుంచి నేరుగా రాదు, అసలు బిల్లుల మీదే గీయాలి. అందులో పెట్టె అంటే బిల్లుల్లో మధ్య సగం ఉన్న మేర. పెట్టెలో మధ్య గీత మీడియన్, ఇంటూ గుర్తు సగటు. పెట్టె అంచు నుంచి పెట్టె పొడవుకు ఒకటిన్నర రెట్లు దాటి దూరంగా ఉన్న బిల్లు విడి చుక్కగా కనిపిస్తుంది. ఒక్క జాగ్రత్త: పై ఏడు బిల్లులకే చార్టు మామూలుగా 900 నుంచి 1,300 దాకా పెట్టె గీస్తుంది, పావు, ముప్పావు దగ్గరి విలువలు చెప్పే క్వార్టైల్ ఇంక్ (QUARTILE.INC) ఫార్ములా 950, 1,250 ఇస్తుంది. రెండు పద్ధతులు వేరు, తప్పు లేదు. బిల్లులు తక్కువగా ఉన్న ఏరియాల్లో ఈ తేడా బాగా కనిపిస్తుంది.

ఇప్పుడు సోమవారం సరుకు పంపే ముందు బాబాయి ఫోన్‌లో ఆ చార్టే అడుగుతారు. మొన్న చూడగానే, "ఏరా, జయనగర్ పైన ఆ చుక్క ఎవరి ఆర్డరు?" అన్నారు.