మంగోలియా 'ఈగల్ ఫెస్టివల్' ఫొటో టూర్ బుక్ చేస్తున్నారా? డబ్బు కట్టేముందు ఇది చదవండి

గద్దలతో వేటాడే కజక్ రౌతులను ఫొటో తీయాలని ఆశపడి మంగోలియా టూర్లకు అడ్వాన్సులు కడుతున్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. హైదరాబాద్‌లో ఈ టూర్లు అమ్మే ఒక సంస్థ మా బృందాన్ని నిలువునా ముంచింది. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి పేరు రాయడం లేదు. ఎలా ముంచారో తెలిస్తే చాలు, అలాంటివాళ్ళను మీరే పట్టేస్తారు.

బ్రోచర్ నిండా బయాన్-ఉల్గీ ఫొటోలే. మంగోలియాకు పడమటి కొసన, ఆల్తాయ్ పర్వతాల్లో కజక్‌లు ఎక్కువగా ఉండే ప్రాంతం అది. ఏటా అక్టోబరు మొదట్లో ఉల్గీ పట్నం దగ్గర పండుగ జరుగుతుంది. కొండ మీద వదిలిన గోల్డెన్ ఈగల్, కింద గుర్రం మీదున్న యజమాని పిలుపు విని ఎంత త్వరగా వచ్చి చేతిమీద వాలితే అన్ని మార్కులు. పరుగెత్తే గుర్రం మీంచి ఒరిగి నేలమీది వస్తువు అందుకునే పోటీ, మేక కళేబరం కోసం ఇద్దరు రౌతులు పెనుగులాడే పోటీ కూడా ఉంటాయి. ఈ పండుగ, ఆ తర్వాత ఒక వేటగాడి ఇంట్లో బస అని మా ఐటినరరీలో స్పష్టంగా రాసి ఇచ్చారు.

రాజధాని ఉలాన్‌బాటర్‌లో దిగిన రాత్రి మాట మారింది. "ఉల్గీ ఫ్లైట్ దొరకలేదు, ఇక్కడే ఈగల్ షూట్ పెట్టాం" అన్నారు. గట్టిగా నిలదీస్తే తేలిందేమిటంటే, ఆ టికెట్లు అసలు బుక్కే చేయలేదు. పండుగ రోజులకు అవి చాలా ముందే అయిపోతాయి. రోడ్డున పోదామంటే 1,600 కిలోమీటర్ల పైమాటే.

తీసుకెళ్ళింది నగరానికి దగ్గర్లోని తెరెల్జ్ నేషనల్ పార్కుకి, 40 మీటర్ల చెంఘిజ్ ఖాన్ అశ్వ విగ్రహం దగ్గరికి. చూడదగ్గ చోట్లే, కాదనను. కానీ అక్కడ రోడ్డు పక్కన కర్ర స్టాండు మీద, కాలికి తోలు పట్టీతో కట్టేసిన గద్ద కూర్చుని ఉంటుంది. కారు ఆగగానే మన చేతికి తోలు గ్లౌజు తొడిగి దాన్ని ఎక్కిస్తారు. రెక్కలు విప్పడానికి మన చెయ్యి కింద పట్టి ఒక్క కుదుపు కుదుపుతారు. ఫొటో, డబ్బు, తర్వాతివాళ్ళు. మేం చూసిన పక్షికి ఒక రెక్క ఈకల చివర్లు విరిగిపోయి ఉన్నాయి. ఆల్తాయ్‌లో వేటగాళ్ళు ఆడగద్దను తెచ్చి, ఇంటి మనిషిలా సాకి, చలికాలమంతా దానితో నక్కల వేటకు వెళ్ళి, కొన్నేళ్ళకు మళ్ళీ కొండల్లోకి వదిలేస్తారు. ఆ బతుకును చూపిస్తామని డబ్బు తీసుకుని ఇది చూపించారు.

గుర్రాల షూట్ ఇంకా ఘోరం. దుమ్ము సరిగ్గా లేవలేదని మా టూర్ లీడర్ ఒక కుర్రాడిని ఒకే చోట అటూ ఇటూ దౌడు తీయిస్తూనే ఉన్నాడు. గుర్రం మెడ మీద చెమట నురగ కట్టింది. ఆ కుర్రాడే చివరికి దిగిపోయి, చెక్క బద్దతో గుర్రం ఒళ్ళంతా చెమట గీసి, ఇక చాలన్నట్టు చెయ్యి ఊపాడు. అతని ముఖం చూస్తే మాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

కాబట్టి, మిగతా డబ్బు కట్టేముందు ఉలాన్‌బాటర్–ఉల్గీ ఫ్లైట్ టికెట్ మీ పేరుతో, పీఎన్ఆర్‌తో సహా అడగండి. ఇవ్వకపోతే అక్కడే ఆగిపోండి. ఉత్త 'ఈగల్ ఫెస్టివల్' అని రాస్తే సరిపోదు, ఎందుకంటే మార్చిలో ఉలాన్‌బాటర్ దగ్గరా ఒకటి జరుగుతుంది, సెప్టెంబరులో బయాన్-ఉల్గీలోనే సాగ్‌సాయ్ అనే ఊళ్ళో ఇంకొకటి. ఊరు, తేదీ రెండూ రాయించుకోండి. జులైలో గద్దల వేట చూపిస్తామంటే నమ్మకండి. ఎండాకాలం అవి ఈకలు రాల్చుకుంటాయి, వేటకు తీసుకెళ్ళరు. జులై 11 నుంచి 'నాదం' అనే మంగోలియా జాతీయ పండుగ గుర్రప్పందాలుంటాయి, అది వేరే సంగతి. ఆల్తాయ్ తావన్ బోగ్ద్ పార్కు కూడా ఉందంటే, అది చైనా, రష్యా సరిహద్దు కాబట్టి బోర్డర్ పర్మిట్ ఎవరు తీస్తారో ముందే అడగండి.

డబ్బు సంగతి. విదేశీ టూర్ ప్యాకేజీ అమ్మేవాళ్ళు చట్టప్రకారం టీసీఎస్ (అమ్మేటప్పుడే మన దగ్గర తీసుకునే ఆదాయపు పన్ను) వసూలు చేయాలి, అది మీ ఆదాయపు పన్ను ఖాతాలో కనిపిస్తుంది. "పర్సనల్ నంబర్‌కి ఫోన్‌పే చేయండి, టీసీఎస్ మిగులుతుంది" అన్నారంటే రేపు మీ చేతిలో కాగితం ఉండదు. మాలో క్రెడిట్ కార్డుతో కట్టినవాళ్ళు బ్యాంకులో డిస్ప్యూట్ అయినా వేయగలిగారు. యూపీఐతో కట్టినవాళ్ళకు ఆ దారి కూడా లేకపోయింది.

'ఐటినరరీ మారవచ్చు' అన్న చిన్న అక్షరాల లైను చూపించి రిఫండ్ లేదంటున్నారు. ఆ ఒక్క మాటతో భయపడి ఊరుకోకండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయవచ్చు. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం మీరుండే జిల్లా కమిషన్‌లోనే కేసు వేయవచ్చు, 5 లక్షల వరకు ఫీజు లేదు, గడువు 2 ఏళ్ళు. ఇలాగే నష్టపోయినవాళ్ళు బ్రోచర్, చాట్లు, వాయిస్ మెసేజ్‌లు, రసీదులు ఏవీ డిలీట్ చేయకండి. మా ఫిర్యాదుకు బలం ఇచ్చినవి అవే.