లాము రేవులో తెరచాప పడవ: గాలి కాలంలో ఒక విహారంపై సమీక్ష

లాము రేవుగట్టు మీద పడవ మాట్లాడుకునేవారు ధర కంటే ముందు అడగవలసినది ఒకటి ఉంది: తెరచాప ఎత్తుతారా, మోటారు వేస్తారా? కెన్యా ఉత్తర తీరాన ఉన్న ఈ ద్వీపంలో విహారానికి తిప్పేవి సంప్రదాయ చెక్క పడవలే అయినా, కొన్నిటికి వెనుక మోటారు బిగించి ఉంటుంది. గాలి ఎదురైతే దానితోనే పని కానిచ్చేస్తారు. మేము మాట్లాడుకున్న పడవ యజమాని మాత్రం పూర్తిగా తెరచాప మీదే నడుపుతానని చెప్పి, ఆ మాట నిలబెట్టుకున్నారు. ఈ సేవ నాకు నచ్చడానికి సగం కారణం అదే.

అక్కడివారు మషువా అనే ఆ పడవకు నిలువుగా ఒకే తెరచాప కొయ్య, దానికి ఏటవాలుగా వేలాడే పొడవాటి అడ్డకర్ర, ఆ కర్రకు కట్టిన పెద్ద తెరచాప ఉంటాయి. మేము వెళ్లినది జూలైలో, అంటే ఆగ్నేయం నుంచి కుసి గాలి బలంగా వీచే రోజుల్లో. పట్టణానికి దక్షిణాన సుమారు 3 కిలోమీటర్ల దూరంలోని షెలా గ్రామానికి చేరాలంటే ఆ గాలికి ఎదురుగా, ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు వంకరలు తిరుగుతూ పోవాలి. మలుపు తిరిగిన ప్రతిసారీ చుక్కాని పట్టినవాడు పడవను గాలివాటుకు తిప్పి తాడు వదులు చేస్తే, అణియం (పడవ ముందు కొస) దగ్గరి కుర్రవాడు అడ్డకర్ర కింది కొసను ఎత్తి పట్టుకుని కొయ్య ముందు నుంచి అవతలి పక్కకు చేరవేసేవాడు. ఆలోగా మరొకరు ఇసుక మూటలను గాలి వచ్చే వైపుకు లాగేవారు. గాలి ఒక్కసారిగా కొట్టినప్పుడు ఒకతను పక్కకు తోసిన పలక చివర, నీటికి పైన కూర్చుని, తన బరువుతో పడవను నిలిపాడు. ఇంత పనిలోనూ ఒక్క కేక వినబడలేదు. షెలా దాటి, సముద్రం నేరుగా తగిలే చోటికి తీసుకుపొమ్మని మాలో కొందరు అడిగితే సరంగు (పడవ నడిపించే పెద్ద) ఒప్పుకోలేదు. ఆయన మీద నాకు గురి కుదిరింది అప్పుడే.

లోపాలూ ఉన్నాయి. లైఫ్ జాకెట్లు అడిగితే గానీ బయటికి రాలేదు, వాటిలో పిల్లలకు సరిపోయేవి లేవు. నీడ లేదు, మరుగుదొడ్డి లేదు, తుంపరకు ఒళ్లంతా తడుస్తుంది. బొగ్గుల కుంపటి మీద కాల్చిన చేప, కొబ్బరిపాలతో వండిన అన్నం బాగున్నాయి.

మాండా ద్వీపంలో, 17వ శతాబ్దంలో జనం విడిచిపోయిన టక్వా శిథిలాలను కూడా చూడదలచినవారు పోటు వేళ కనుక్కోవాలి. అక్కడికి చేర్చే మడ కాలువలో ఆటు సమయంలో పడవ సాగదు. మేము దిగిన బసవారు ఇదేమీ చూడకుండా ఉదయం తొమ్మిదికని రాసిచ్చారు. పోటు వచ్చేసరికి మధ్యాహ్నమైంది. వేళను నేరుగా సరంగునే అడగడం మేలు.

వయసు మళ్లినవారు, చిన్నపిల్లలు ఉన్న కుటుంబాలకు జూలై ప్రయాణాన్ని నేను సూచించను. డిసెంబరు నుంచి మార్చి వరకు ఈశాన్యం నుంచి వీచే కస్కాజీ గాలి ఇంతకంటే నెమ్మది. కిరాయి మనిషికి కాక పడవ మొత్తానికి మాట్లాడుకోండి, భోజనం అందులో కలిసిందో లేదో ముందే తేల్చుకోండి, సగం సొమ్ము ఒడ్డుకు తిరిగి వచ్చాకే ఇవ్వండి.