వంశధార గట్టుకి మొక్కలు తెచ్చుకున్న నర్సరీ: ఏడాది తర్వాత నా మాట

మా పొలం శ్రీముఖలింగం దగ్గర్లో, వంశధార ఒడ్డునే ఉంది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వరదకి ఏటివైపు నాలుగు సెంట్ల నేల జారి నీళ్లలో కలిసిపోయింది. తర్వాత అక్కడ సర్కారు తుమ్మ తప్ప ఏమీ లేవలేదు. నేను కాపురానికి వచ్చిన కొత్తలో అక్కడ కానుగలు, ఏరుమద్దులు ఉండేవి. శివరాత్రి ఉత్సవాల్లో చక్రతీర్థ స్నానానికి వచ్చినవాళ్లు ఆ నీడనే కూర్చుని పులిహోర తినేవారు. ఆ నీడ మళ్లీ కావాలని నిరుడు మొక్కల కోసం తిరిగాను.

రెండు చోట్ల కోనోకార్పస్ అనే విదేశీ మొక్క చూపించారు, త్వరగా పెరుగుతుందట. మూడోది మా ఊరికి అరగంట దూరంలో ఓ కుటుంబం నడుపుకునే నర్సరీ. అక్కడి పెద్దాయన ధర చెప్పకముందే "అమ్మా, ఏటి నీరు ఎంతవరకు ఎక్కుతాది?" అని అడిగారు. నేను ఫోన్‌లో ఫొటో చూపిస్తే, కింద నీరు తగిలే చోట వట్టివేరు, దానిపైన కానుగ, మద్ది, వరద అందని గట్టు మీద ఇప్ప వేసుకోమన్నారు. ఇప్పకి వేళ్ల దగ్గర నీరు నిలిస్తే పడదట. కానుగ, మద్ది గింజలు ఏటి ఒడ్డు చెట్ల కిందే ఏరతారట. నాకు నమ్మకం కుదిరింది అక్కడే.

కానుగ 60 (ఒక్కోటి 25 రూపాయలు), మద్ది 40 (30), ఇప్ప 20 (60), వట్టివేరు పిలకలు 300 (3). మొత్తం 4,800, ఆటో కిరాయి 1,200.

ఇప్ప మాత్రం నన్ను బాధపెట్టింది. నాటేటప్పుడు సంచి చింపితే ఆరింటికి వేరు అడుగున గుండ్రంగా చుట్టుకుపోయి, బిందె కింద పెట్టే చుట్టకుదురులా ఉంది. పైన ఆకులు నిగనిగలాడుతుంటే ఎలా తెలుస్తుంది? నాటినా ఆ ఆరూ ఎండిపోయాయి. ఇప్ప గింజ నిల్వ ఉండదు, రాలిన కొద్ది రోజుల్లోనే నాటెయ్యాలి, కాబట్టి ఏడాదికోసారే నారు వస్తుంది. వేరు చుట్టుకుపోయేంత కాలం సంచిలోనే మిగిలిపోయిన పాత మొక్కలు అంటగట్టారని నా అనుమానం. ఫోన్ చేస్తే కాదనలేదు, నాలుగు కొత్తవి ఇచ్చారు. రెండు మొక్కల డబ్బు పోయిందని కాదు నా బాధ. ముఖలింగంలో స్వామి ఇప్పచెట్టు నుంచే వెలిశాడని స్థలపురాణం, అందుకే మధుకేశ్వరుడన్నారు. మధూకం అంటే ఇప్పే. ఆ చెట్టు ఆ గట్టు మీద నిలబడాలని నేను ఎంతో ఆశపడ్డాను.

మిగతావి బాగున్నాయి. కానుగ 60లో 54 బతికాయి, మేకలు వాటి జోలికి పోలేదు. మద్దిని మాత్రం వదల్లేదు, ముళ్లకంప కట్టకముందే తొమ్మిది తినేశాయి. వట్టివేరు పిలకలు తడి గోనెలో చుట్టి ఇచ్చారు, ఒక్కటీ వాడిపోలేదు. వానల్లో నీరు రెండుసార్లు ఎక్కి దిగినా ఆ వరస దగ్గర మట్టి కదల్లేదు, పైనుంచి కొట్టుకొచ్చిన ఒండ్రు దుబ్బుల మొదళ్లలో జానెడు మేటవేసింది.

కానుగ, మద్ది, వట్టివేరు అక్కడ కళ్లు మూసుకుని కొనవచ్చు. ఇప్ప కొంటే డబ్బు ఇవ్వకముందే ఒక సంచి చింపి అడుగు చూపించమనండి. ఈ జూన్‌లో నేను వాళ్ల దగ్గరికే వెళ్తున్నాను, పది ఇప్ప మొక్కలు కావాలి. పాత మొక్కలు వద్దని ముందే చెప్పాను.